వీధికి తెలియని నర్సు

ఆసుపత్రిలో ఆవిణ్ణి అందరూ నిమిషం సిస్టర్ అంటారు. నాడి చూడమంటే మిగతావాళ్లు పావు నిమిషం లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి చార్టులో రాసేస్తారు. ఈవిడ మాత్రం వాచీలో సన్నముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగితే గానీ పేషెంటు మణికట్టు వదలదు. ఆ నిమిషంలో నాడి ఒక్కటే కాదు, మనిషి పెదాల రంగు, గోళ్లు, ఊపిరి, కాళ్ల వాపు, కంటినిండా నిద్రపోయాడా లేదా, ఇంటివాళ్ల మీద అలిగి కూర్చున్నాడా, అన్నీ చూసేస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు ఎలా చూసినా వచ్చే లెక్క ఒకటే కదా అని నసిగితే, లెక్క కోసమైతే మెషీన్ ఉందిగా, మధ్యలో నువ్వెందుకమ్మా అని అడిగి తన పనిలో తాను పడిపోతుంది.

ముప్పై ఏళ్ల సర్వీసు. జుట్టు నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్లు మూలుగుతున్నాయి, రిటైర్మెంటు నాలుగేళ్ల దూరంలో ఉంది. భర్త బస్సు డిపోలో టైమ్ కీపరు, నోట్లో నాలుక లేనంత నెమ్మదస్తుడు. కూతురు పెళ్లయి పక్క ఊళ్లోనే ఉంది, వారం వారం వచ్చి తల్లి మీద అజమాయిషీ చేసి పోతుంది. మొత్తం మీద ఈ బతుకు మీద సిస్టర్‌కు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఉన్నది ఒక్కటే, ఆ ఒక్కదాని సంగతి చెప్పడానికే ఇదంతా.

ఆవిడ నర్సన్న మాట ఆవిడ ఉండే వీధిలో ఎవరికీ తెలియకూడదు. అది అత్తగారి ఆజ్ఞ.

అత్తగారు చెడ్డ మనిషి కాదు. కోడలు ఇంటికి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. కాకపోతే ఆవిడ లోకజ్ఞానమంతా సినిమాల్లోంచి వచ్చింది. వయసులో ఉండగా వారానికి రెండు సినిమాలు చూసిన మనిషి. ఆ సినిమాల్లో నర్సంటే డాక్టరు చుట్టూ తిరుగుతూ కులుకుతుంది. లేదా హాస్యగాడి నడ్డి మీద పెద్ద సూది గుచ్చి జనాన్ని నవ్విస్తుంది. అదీ కాకపోతే ఆపరేషన్ గదిలోంచి ట్రే పట్టుకుని బయటికొచ్చి, ఎవరేమడిగినా నోరు మెదపకుండా పోతుంది. మరీ కథ ముదిరితే విలన్ పంపిన మనిషి తెల్లబట్టలు కట్టుకుని వచ్చి సెలైన్ బాటిల్లో విషం కలుపుతుంది. వీళ్లలో ఒక్కతె కూడా పేషెంటుకు పక్క మార్చిన పాపాన పోలేదు. మరి కొడుకు వచ్చి, చేసుకుంటే ఈ నర్సునే చేసుకుంటానంటే ఆ తల్లి గుండె గుభేలుమనదా? మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ఒక షరతు మీద ఒప్పుకుంది. వీధిలో ఎవరడిగినా ఆసుపత్రి ఆఫీసులో పని అని చెప్పాలి. కొత్త పెళ్లికూతురు తల ఊపింది. ఊపిన తల ఊపినట్టే ఇరవై ఆరేళ్లు గడిచిపోయాయి.

అప్పట్నుంచి సిస్టర్ మామూలు బట్టల్లో ఇల్లు కదులుతుంది, ఆసుపత్రిలో మార్చుకుంటుంది. చేతిలో ఏదైనా ఉంటే ఆఫీసు కళ వస్తుందని భర్త డిపో నుంచి ఒక లావుపాటి ఫైలు తెచ్చిచ్చాడు. అందులో ఎప్పుడో రద్దయిపోయిన బస్సుల టైము పట్టికలున్నాయి. పాపం ఆయన చేయగలిగింది అదే. సిస్టర్ ఆ ఫైలును చంకలో పెట్టుకుని ఇరవై ఆరేళ్లుగా వీధి దాటుతోంది.

ఇందులో పెద్ద తమాషా ఏమిటంటే, వీధి మొత్తానికి ఈ సంగతి తెలుసు. తెలియక ఎక్కడికి పోతుంది? ఊళ్లో ఉన్నదే ఒక పెద్దాసుపత్రి. దర్జీ ఆవిడ న్యుమోనియాతో పదకొండు రోజులు ఆరో నంబరు మంచం మీద పడుకుంది. రిటైరైన మేష్టారికి గుండెపోటు వస్తే వారం రోజులు ఆయన మణికట్టు పట్టుకుని నిలబడ్డది ఈవిడే. ఇస్త్రీ కొట్టు ఆయన, మూలింటి ముసలమ్మ, ఎదురింటి డ్రైవరు, ఒక్కొక్కరే ఆ వార్డు చూసి వచ్చారు. మొదటిసారి దర్జీ ఆవిడ ఒళ్లు బాగుపడి, కృతజ్ఞత చెప్పుకుందామని పళ్లు పట్టుకుని ఇంటికొస్తే, సిస్టర్ గుమ్మంలోనే ఎదురెళ్లి చూపుడు వేలు పెదాల మీద పెట్టుకుని, లోపల కూర్చున్న అత్తగారి వైపు కళ్లతో చూపించింది. దర్జీ ఆవిడ అర్థం చేసుకుంది. ఆ పూటకే వీధంతా అర్థం చేసుకుంది. పిన్నిగారి ముందు, అంటే అత్తగారి ముందు, ఆ మాట ఎత్తకూడదన్నది వీధిలో చట్టమైపోయింది. అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంటే, ముందురోజే వార్డులో కుట్లు విప్పించుకొచ్చిన మనిషి కూడా "ఆఫీసులో పని ఎక్కువగా ఉందా అమ్మా?" అని ఏమీ ఎరగనట్టు పలకరించేవాడు. అత్తగారు మాత్రం గుట్టు భద్రంగా ఉందని తృప్తిగా ఊపిరి పీల్చుకునేది.

మొదట్లో సిస్టర్‌కు ఇదంతా నవ్వులాటగానే ఉండేది. వార్డులో చెప్పుకుని కడుపుబ్బ నవ్వేవాళ్లు. ఏళ్లు గడిచేకొద్దీ నవ్వు అడుగున ఏదో గుచ్చుకోవడం మొదలైంది. ఒక ఏడు ఉత్తమ నర్సని ఆసుపత్రివాళ్లు శాలువా కప్పి, అద్దం కట్టిన కాగితం ఇచ్చారు. ఆ అద్దం బీరువాలో దుప్పట్ల కింద ఉంది. వీధికి తెలిసినా తెలియకపోయినా ఆవిడకు బాధ లేదు. ఈ ముసలావిడ నోటితో, ఎవరో ఒకరితో, మా కోడలు నర్సు అని ఒక్కసారి అంటే చాలు. అంతకు మించి ఆవిడ దేనికీ ఆశపడలేదు. అడిగి అనిపించుకుంటే మాత్రం అందులో రుచేముంటుందని అడగనూ లేదు.

ఈ నేపథ్యంలో, సినిమాలు చాలనట్టు, సీరియల్ ఒకటి దాపురించింది. సాయంత్రం ఏడింటికి. అందులో నర్సు పెదాలకు రంగు పూసుకుని, ఎత్తు మడమల బూట్లతో టకటకలాడుతూ, తలుపుల వెనక చెవులు పెట్టి వింటుంది, రిపోర్టులు తారుమారు చేస్తుంది, పెద్దింటి ముసలాయన్ని చంపడానికి వారానికోసారి ప్రయత్నిస్తుంది. దర్జీ ఆవిడ, మేష్టారి భార్య, ఇంకా ఇద్దరు ముగ్గురు ఆ వేళకు అత్తగారి ముందు గదిలో చేరతారు. అత్తగారు ఆ నర్సును తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతుంది. తిట్టి, వంటింటి వైపు ఒకసారి చూస్తుంది. ఆ చూపుకు సిస్టర్‌కు తలకొట్టేసినట్టుండేది. తెర మీద ఆక్సిజన్ మాస్కు గొట్టం ఎక్కడా తగిలించకుండా గాల్లో వేలాడుతున్నా, సెలైన్ సూది చొక్కా చేతి మీంచే గుచ్చేసినా, ఆవిడ పళ్లు బిగించుకుని కూర్చునేది. ఏదైనా అంటే ఆఫీసు మనిషికి ఇవన్నీ ఎలా తెలుసని పక్కవాళ్లు అడిగినట్టు నటించాల్సి వస్తుంది కదా.

ఒకరోజు ఆ సీరియల్ వాళ్లే ఆసుపత్రికి వచ్చారు. కొత్త భవనం కట్టాక ఖాళీగా పడున్న పాత బ్లాకులో షూటింగు. మంచాలూ స్టాండ్లూ పాడు చేయకుండా చూడమనీ, వాళ్లకేమన్నా కావాలంటే చెప్పమనీ సూపరింటెండెంటు మన సిస్టర్‌ను పంపించాడు. ఇంట్లో ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఆ గయ్యాళి నర్సు వేషం వేసే అమ్మాయిని చూసి సిస్టర్ ఆశ్చర్యపోయింది. పిట్టంత మనిషి, సూదంటే భయం. సిరంజి చేతికిస్తే వేళ్లు వణుకుతున్నాయి. తన తల్లి బజారుకెళ్తే కూరగాయల మనిషి కూడా నీ కూతురు ఇంత దుర్మార్గురాలా అని నిలదీస్తోందనీ, అందుకే ఆవిడ ఇంట్లోంచి బయటికి రావడం మానేసిందనీ చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. సిస్టర్‌కు ఆ పిల్ల మీద జాలి పొంగింది. ఇన్నాళ్లూ తను కూడా మనసులో తిట్టుకున్నది ఈ పిల్లనేనా అని సిగ్గుపడింది.

అమ్మాయి చేతులు వణుకుతున్నాయి కనుక దగ్గరగా తీసే ముక్కలో చేతులు మాత్రం మీవి పెడదామని దర్శకుడు అడిగాడు. టోపీ పెట్టుకున్న కుర్రాయన, ఊపిరి సలపనంత తొందర మనిషి. సిస్టర్ లోలోపల మురిసిపోయింది. కాకపోతే ఆ అమ్మాయి గోళ్లకు ఎర్రరంగుంది. నర్సు గోళ్లకు రంగుండదు బాబూ, రంగుంటే మురికి కనబడదు అని సిస్టర్ ఖండితంగా చెప్పేసరికి, చేతులు కలవాలి కనుక ఆ అమ్మాయే రంగు చెరిపేసుకుంది. అంతవరకూ బాగానే ఉంది. చేయాల్సిన పని ఏమిటో అప్పుడు చెప్పారు. చిన్న సీసాలోంచి మందు సిరంజిలోకి లాగి, కోమాలో ఉన్న పెద్దాయన సెలైన్‌లోకి ఎక్కించాలి. మందు కాదు, విషం. సీసాలో ఉన్నవి మంచినీళ్లేనని దర్శకుడు తాగి మరీ చూపించాడు. ఉత్త నీళ్లే కదా అనుకుని సిస్టర్ సరేనంది.

మొదటిసారి సీసా తీసుకోగానే లేబుల్ తిప్పి చదివింది. వెలుతురుకు పట్టి మళ్లీ చదివింది. దర్శకుడు ఆపమన్నాడు. విషం పోసేవాళ్లు లేబుళ్లు చదవరమ్మా అని మెత్తగానే చెప్పాడు.

రెండోసారి లేబుల్ చదవలేదు. సిరంజి పట్టుకుని మంచం దగ్గరకు వెళ్లి, వంగి, రోజూ అడిగినట్టే అడిగేసింది. "మీ పేరేంటండీ?"

కోమాలో ఉన్న పెద్దాయన పాత రంగస్థల నటుడు, పిలిస్తే పలకడం అలవాటైన మనిషి. కళ్లు మూసుకునే తన అసలు పేరు, తండ్రి పేరు, వయసు గడగడా చెప్పేశాడు. లైట్లు పట్టుకున్నవాళ్లు నవ్వలేక గోడలకు జారగిలబడ్డారు. తెలివి లేని మనిషిని పేరెందుకు అడిగారని దర్శకుడు తల పట్టుకుంటే, తెలివి లేనివాళ్లతో కూడా చెప్పే చేస్తాం, ముందు పేరడిగి, తర్వాత చేతికున్న పేరు పట్టీ చూస్తాం, అలవాటైపోయింది అని సిస్టర్ నిజంగానే నొచ్చుకుంది.

మూడోసారి ఆవిడ పెదాలు బిగబట్టింది. సీసా చదవలేదు, పేరడగలేదు. కుడి చేత్తో సిరంజి పైకెత్తింది. ఆ సిరంజి సెలైన్ గొట్టాన్ని తాకేలోపే ఎడమ చెయ్యి వెళ్లి గొట్టానికున్న చిన్న చక్రాన్ని తిప్పి చుక్కలు ఆపేసింది. ఎవరూ ఏమీ అనకముందు ఆవిడే దాన్ని చూసి తెల్లబోయింది.

దర్శకుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకు మూశారని అడిగాడు.

"నేను మూయలేదు బాబూ. చెయ్యి మూసేసింది," అంది సిస్టర్. "నాకు రాదు. ముప్పై ఏళ్లలో ఒక్క మందు చదవకుండా ఎవరి ఒంట్లోకీ పంపలేదు. ఉత్త నీళ్లని నాకు తెలుసు, ఈ చేతులకి తెలీదు. ఇంకోటి కూడా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మా అత్తయ్యగారు రోజూ మీ సీరియల్ చూస్తారు. మీ నర్సును చూసి నన్ను చూస్తారు. నేను నర్సునని వీధిలో చెప్పుకోవడానికి ఆవిడకి ఇరవై ఆరేళ్లుగా నోరు రావట్లేదు. అలాంటిది ఈ పని నా చేతుల్తోనే చేయమంటారా?"

మూల ప్లాస్టిక్ కుర్చీలో ఒక మనిషి మోకాలి మీద కాగితాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. రేపటి మాటలు ఇవాళ రాసే రచయిత. పొద్దుట్నుంచి పెన్ను నమలడం తప్ప ఆయన రాసిందేమీ లేదు. ఆ పెద్దాయనకు ఇప్పటికే మూడుసార్లు విషమిచ్చారు, మూడుసార్లూ బతికాడు, నాలుగోసారి ఎలా ఇవ్వాలో తోచక ఆయన చస్తున్నాడు. ఇప్పుడు లేచి వచ్చి, ఆ చెయ్యి మూసేయడం చాలా బాగుందన్నాడు. విషం వేరే ఎవరో కలిపి పోయారు, నర్సు కనిపెట్టి ఆపింది, అలా మార్చేస్తానన్నాడు. రెండు వందల ఎపిసోడ్లు దుర్మార్గంగా ఉన్న మనిషి ఉన్నట్టుండి ఎలా మంచిదవుతుందని దర్శకుడు ఎగిరాడు. మన సీరియల్లో పెద్దల్లుడు ఈ ఏడాది రెండుసార్లు మంచివాడై రెండుసార్లు చెడిపోలేదా, ఎవరైనా అడిగారా అన్నాడు రచయిత. దర్శకుడు కెమెరా మళ్లీ సర్దమన్నాడు. వేషం వేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చి సిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది.

ఈసారి కెమెరా ముందు సిస్టర్‌కు నటించాల్సిన అవసరమే రాలేదు. చక్రం తిప్పి చుక్కలు ఆపింది. పెద్దాయన మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నిమిషం లెక్కపెట్టింది. టీవీలో నిమిషమంటే యుగమని దర్శకుడు చేతులు నలుపుకున్నాడు గానీ, మంచం మీద నటుడి మొహం నిజంగానే తేటపడటం చూసి ఆపమనలేకపోయాడు. ఆ తర్వాత సిస్టర్ కాళ్ల దగ్గరికి వెళ్లింది. తువ్వాలు ఒకటి నాలుగు మడతలు పెట్టి, ముడతల్లేకుండా అరచేత్తో రెండుసార్లు తట్టి, పిక్కల కింద పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా కాస్త పైకి ఉంచింది. అది ఎవరూ చేయమనలేదు. ఎవరూ ఆపమననూ లేదు.

అది టీవీలో వచ్చేరోజు సిస్టర్ ఆసుపత్రి నుంచి త్వరగా ఇల్లు చేరింది. వచ్చి ఏ పనీ కుదురుగా చేయలేకపోయింది. అందరి ముందూ గుట్టు రట్టయితే ముసలావిడ ఏమైపోతుందో అని ఒక భయం, అసలు గుర్తేపట్టకపోతే ఎలా అని ఇంకో భయం. ఏడయింది. ముందు గది నిండింది. మొదటి ముక్కలో నర్సు గదిలోకి అడుగుపెట్టగానే అత్తగారు వచ్చిందమ్మా మహాతల్లి అని మొదలుపెట్టింది. వంటింటి గుమ్మంలో నిలబడిన సిస్టర్ పొయ్యి మీద పాలు కాగుతున్నా కదల్లేదు.

తెర మీద రెండు చేతులు కనిపించాయి. చక్రం తిప్పాయి. నాడి చూశాయి. అత్తగారి తిట్లు సగంలో ఆగాయి. కళ్లజోడు తుడుచుకుని ముందుకు వంగింది. చేతులు తువ్వాలు మడతపెట్టి, రెండుసార్లు తట్టి, పిక్కల కింద పెట్టాయి.

ఆ తట్టు అత్తగారికి తెలుసు. ఏడేళ్ల కిందట జారిపడి తుంటి విరిగినప్పుడు, కోడలి ఆసుపత్రికి వెళ్తే గుట్టు బయటపడుతుందని ఎక్కడికో పోయి కట్టు కట్టించుకుని వచ్చి, నలభై రోజులు ఈ ఇంట్లోనే మంచాన పడింది. కోడలు సెలవు పెట్టి ఆ నలభై రోజులూ రెండేసి గంటలకోసారి పక్క మార్చింది. ఒంటి మీద చిన్న పుండు కూడా లేవలేదు. ఆ మడమల కింది తువ్వాలు, పెట్టే ముందు రెండుసార్లు తట్టడం, ఆ మనిషి జన్మలో మరచిపోదు.

"అమ్మాయ్, ఇలా రా," అని పిలిచింది.

సిస్టర్ వచ్చి నిలబడింది. అత్తగారు ఆవిడ చేతులు రెండూ ఒళ్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసింది. టీవీ తన పాటికి తాను మాట్లాడుతోంది.

"ఆ చేతులు మా కోడలివి," అంది అత్తగారు, తలెత్తకుండానే. "అది ఆఫీసులో పనిచేయదు. నర్సు. మా కోడలు నర్సు. ఇన్నేళ్లూ మీ అందరికీ అబద్ధం చెప్పాను. నేను సిగ్గుపడి చెప్పించాను. దాని తప్పేం లేదు, దాన్నేమీ అనకండి."

దర్జీ ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "ఎంత గుట్టుగా ఉంచారు పిన్నిగారూ, మాకు చీమంత అనుమానం కూడా రాలేదు," అంది. ఆ ఫైలు చూసి ఆఫీసనే అనుకున్నామని మేష్టారి భార్య వంత పాడింది. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వొస్తుందని ఎవరికి వాళ్లు తల వంచుకున్నారు.

అత్తగారు అది బాధ అనుకుంది. అందర్నీ ఓదార్చింది. తర్వాత నడుం నిటారు చేసుకుని కూర్చుని, పెద్దరికంగా అంది.

"సరే, అయిందేదో అయింది. ఇకనుంచి మీ ఇళ్లల్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మొహమాటపడకుండా నాతో చెప్పండి. పెద్దాసుపత్రిలో మా కోడలుంది. నేను చెప్తే మంచం ఇప్పిస్తుంది, బాగా చూస్తుంది."

"మీరు చెప్తే చూస్తారా పిన్నిగారూ?" అని అడిగింది ఆరో నంబరు మంచం మీద పదకొండు రోజులు పడుకున్న దర్జీ ఆవిడ, ఎంతో ఆశగా.

"ఎందుకు చూడదూ? దాని సంగతి మీకు తెలీదు," అని అత్తగారు కోడలి గురించి చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లో పాలు పొంగి పొయ్యంతా పారుతున్నాయి. సిస్టర్‌కు వాటి సంగతి తెలుసు, వాసన కూడా వస్తోంది. అయినా చేతులు అత్తగారి ఒళ్లోంచి తీసుకోబుద్ధి కాక, అక్కడే నేల మీద కూర్చుండిపోయి, వచ్చే నవ్వునూ ఏడుపునూ ఏదీ ఆపుకోలేక, తన గురించి తనకు తెలిసినవన్నీ మొదటిసారి విన్నట్టు వింది.